కోరంగిరేవు పూర్వవృత్తాంతము

కాకినాడనుండి యానామునకు పోవు బాటలో, తాళ్లరేవునకు చేరువను, వరిచేలకును మడ అడవులకును నడుమ నొదిగియున్న కోరంగి గ్రామమును నేడు చూచినవారు, ఒకప్పుడు తూర్పుతీరమున నావికులెల్లరు నెఱిగిన రేవు అదియే యనిన నమ్మజాలరు. పదునెనిమిదవ శతాబ్దమున చుట్టుపట్లనే, ఇంజరమున ఆంగ్లేయులకును, యానామున పరాసులకును వర్తకస్థానము లుండెను. గోదావరీ మండలపు ధాన్యమును, నేతబట్టలును కోరంగి యేటిమీదుగా సముద్రము చేరుచుండెను. బర్మాకు పోయిన మనవారు ఏయూరివారైనను అచ్చట కోరంగీలనియే వ్యవహరింపబడుటనుబట్టి యీ రేవు ప్రసిద్ధి యూహింపవచ్చును.

ఓడలు కట్టుటయందును, చెడినవానిని బాగుచేయుటయందును ఇచ్చటి వడ్రంగులు కడునేర్పరులు. పున్నమి యమవాసల పెద్దపోటున ఓడను ఒడ్డున త్రవ్విన మడుగులోనికి తెచ్చి, వాకిట మట్టికట్ట వేసి, లోని నీటిని తోడివైచి, కుళ్లిన పలకలు మార్చి, సందులలో పీచు కూరి, నూనెతో కలిపిన గుగ్గిలము పూసి, మరల పెద్దపోటు వచ్చునాటికి కట్ట తెంచి యోడను తేల్చుట వారి పద్ధతి. పంతొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో ‘ఆల్బట్రాస్’ అను ఆంగ్లేయ యుద్ధనౌకయు ఈ కోరంగిలోనే మరమ్మతు పొందెను.

1789 డిసెంబరులో మూడు మహాతరంగములు ఒకదానివెంట నొకటి వచ్చి, లంగరు వేసియున్న యోడలను గట్టుమీదికి విసరివైచి, ఊరిని ముంచివైచెను. ఇరువదివేలమంది మడిసిరని నాటివారి యంచనా. 1839 నవంబరులో మరల ఉప్పెన వచ్చెను. కోరంగి యీ యుప్పెనలతోనే గతించెనని జనులు చెప్పుదురు. కాని యుద్ధనౌక మరమ్మతునకు వచ్చినది మొదటి యుప్పెన తరువాతనే కదా! ఊరు మునిగినను పనివారి నేర్పు మునుగలేదు.

రేవును నిజముగా చంపినది గోదావరి పాయయైన గౌతమి యేటేట తెచ్చిన యొండ్రు. వరదకొక పొరగా ముఖద్వారము మెట్టపడుకొలది పెద్దయోడలు దూరముననే నిలువవలసి వచ్చెను. అదే గోదావరి యిసుక ఉత్తరముగా పెరిగి, నేడు హోప్ ఐలాండ్ అనబడు దిబ్బయై, కాకినాడ యెదుట నీటికి అలలపోటు తగ్గించెను. 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియగుటతో డెల్టా సరకులు కాలువపడవలపై తిన్నగా కాకినాడ చేరసాగెను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టగా పెరిగిన ప్రత్తి యెగుమతియు కాకినాడకే లాభించెను; 1866లో కాకినాడ పురపాలకసంఘ మయ్యెను. ఒక్క నదియే యొక రేవును పూడ్చి, వేరొక రేవునకు పెట్టనికోట కట్టినది.

నేడు కోరంగివారు సంతకును, వైద్యమునకును పట్టణమునకే పోవుదురు. అయినను కొయ్యపడవలు కట్టు విద్య తాళ్లరేవు ప్రాంతమున నింకను కలదు. ఒండ్రుమట్టిపై తెల్లమడ, నల్లమడ, తిల్లచెట్లు దట్టముగా పెరిగెను. 1978లో ఆ యడవి అభయారణ్యముగా ప్రకటింపబడినది. మడచెట్ల వేళ్లు మట్టిని పట్టియుంచి, కెరటముల వేగమును తగ్గించును. ఓడలను తరిమిన యొండ్రే ఊరికి ఈ యడవి నొసగినది. కావున కోరంగి చరిత్ర వ్రాయువాడు ఉప్పెనల తేదీలతో తృప్తిపడరాదు. నది యేటేట చేసిన పనిని లెక్కింపనిదే యీ యూరి నష్టమును గాని లాభమును గాని తేల్చుట సాధ్యము కాదు.