తాతయ్య మైక్ సెట్, గాజు వాల్వులు, నేను చేసిన తప్పు

ఈ ఎపిసోడ్ ఒక తప్పుతో మొదలుపెడుతున్నా. ఆ తప్పు నాదే.

పోయిన సంక్రాంతికి పటమటలో మా ఇంటి అటక మీంచి తాతయ్య మైక్ సెట్ ఆంప్లిఫయర్ దించాను. ఇనప డబ్బా, వెనకాల జల్లెడలా చిల్లులు, లోపల గాజు బుడ్లు. తాతయ్య దాన్ని పట్టుకుని కంకిపాడు, ఉయ్యూరు వైపు పెళ్లిళ్లకీ, శ్రీరామనవమి పందిళ్లకీ వెళ్లేవాడు. నేనేమో బీటెక్, అదీ ఈసీఈ. ఇందులో నాకు తెలియనిదేముంది అనుకున్నా. ప్లగ్ పెట్టి స్విచ్ వేశాను. బుడ్లు నారింజ రంగులో వెలిగాయి. ఫోన్‌లోంచి ఒక పాట పంపించాను. హారన్ మాత్రం తగిలించలేదు, తర్వాత చూద్దాంలే అని. కాసేపటికే మాడు వాసన. వంటింట్లోంచి నానమ్మ కేక: "హారన్ తగిలించకుండా స్విచ్ ఎలా వేశావురా?"

ఆమె కేక ఎందుకు కరెక్టో నాకు తెలియడానికి నెల పట్టింది. ఆ నెలలో నేర్చుకున్నదే ఇవాళ చెబుతున్నా.

ముందు పేరు సంగతి. అమెరికాలో ట్యూబ్ అంటారు. ఇంగ్లండ్‌లో వాల్వ్ అంటారు, మనకి ఆ పేరే వచ్చింది. ఆ పేరు పెట్టింది జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్. బల్బులో ఫిలమెంట్‌తో పాటు ఇంకో లోహపు రేకు పెడితే, మధ్యలో ఉన్న ఖాళీలోంచి కరెంటు ఒక్క దిక్కుకే పోతుందని ఎడిసన్ 1880ల్లోనే గమనించాడు. కానీ దాన్ని పెద్దగా వాడుకోలేదు. 1904లో ఫ్లెమింగ్ దాన్ని రేడియో సిగ్నల్ పట్టడానికి వాడాడు. నీటి వాల్వు నీళ్లని ఒకవైపుకే వదిలినట్టు ఇది కరెంటుని ఒకవైపుకే వదులుతుంది కాబట్టి ఆ పేరు పెట్టాడు.

అసలు మలుపు 1906లో వచ్చింది. లీ డి ఫారెస్ట్ అనే అమెరికన్ ఆ రెండింటి మధ్య సన్నటి తీగ ఒకటి పెట్టాడు. దాన్నే గ్రిడ్ అంటారు. అది ఎలా పనిచేస్తుందో ఆయనకే పూర్తిగా అర్థం కాలేదు!

మనకి అర్థం కావడం తేలిక, ఎందుకంటే మనది ప్రకాశం బ్యారేజీ ఊరు. బ్యారేజీ మీద గేటు ఎత్తడానికి పట్టే బలం ఎంత, గేటు కింద పారే కృష్ణ బలం ఎంత? గేటు తిప్పేవాడి బలం నీళ్లలో కలవదు. అతను ఎంత ఎత్తాలో చెబుతాడు, అంతే. వాల్వులో వేడెక్కిన కాథోడ్ నుంచి ప్లేట్‌కి ఎలక్ట్రాన్లు పారుతుంటాయి, అదే నది. గ్రిడ్ గేటు. మైకులోంచి వచ్చిన చిన్న సిగ్నల్ గేటుని ఆడిస్తుంది. అంటే ఆంప్లిఫయర్ మన గొంతుని సాగదీయదు. గొంతు చెప్పినట్టు ఆడే ఇంకో పెద్ద ప్రవాహాన్ని తయారు చేస్తుంది. ఈ ఒక్క ముక్క నాకు నాలుగేళ్ల బీటెక్‌లో ఇంత సూటిగా ఎక్కలేదు.

1915లో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఫోన్ మాట్లాడగలిగారంటే, దారిలో పెట్టిన ఈ వాల్వుల పుణ్యమే. మన దగ్గర మార్పు ఇంకో రకం. మైకు రాకముందు పద్యనాటకమైనా హరికథైనా చివరి వరసలో వాళ్లకి వినబడాలంటే గొంతులో సత్తా ఉండాలి. మైకు వచ్చాక చిన్న గొంతు కూడా ఊరంతా వినబడింది. 1938లో మద్రాసు కేంద్రం, 1948 డిసెంబర్ 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలయ్యాయి. అప్పట్లో ఇంట్లో రేడియో ఉండాలంటే లైసెన్సు ఉండాలి, ఆ డబ్బు పోస్టాఫీసులో కట్టాలి. వార్తలకి అర నిమిషం ముందే స్విచ్ వేసేవాళ్లు, కాథోడ్ వేడెక్కాలి కదా. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో ఈ వాల్వులు మన దేశంలోనే చేయడం మొదలుపెట్టింది.

కానీ అప్పటికే వీటి రోజులు దగ్గరపడ్డాయి. 1947 చివర్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. వేడి అక్కర్లేదు, గాజు లేదు, 250 వోల్టులు అక్కర్లేదు. టార్చ్ సెల్స్‌తో నడుస్తుంది. పొలం గట్టు మీదకి కూడా రేడియో వెళ్లిపోయింది.

మరి వాల్వు సౌండే బాగుంటుందని ఇప్పటికీ లక్షలు పోసి ఎందుకు కొంటున్నారు? నిజం చెప్పుకుందాం. కొలతల్లో మంచి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయరే కరెక్టు. వాల్వు తప్పు చేస్తుంది, కానీ అది చెవికి నచ్చే తప్పు. ఒక్క ట్రయోడ్ వాల్వుతో నడిచే ఆంప్లిఫయర్ ఎక్కువగా కలిపేది రెండో హార్మోనిక్. అంటే మీరు 'స' పాడితే దానికి పై 'స' కొంచెం తోడిస్తుంది. అందుకే నిండుగా అనిపిస్తుంది.

ఇక నా తప్పు. వాల్వుకి వేల ఓంల లోడు కావాలి, స్పీకర్ ఉండేది 8 ఓంలు. మధ్యలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వాళ్లిద్దరికీ సంబంధం కుదురుస్తుంది. స్పీకర్ తీసేసి పాట పెడితే పవర్ పోవడానికి దారి లేదు. కాలువ మూసేసి గేటు ఎత్తితే ఏమవుతుంది? గండి పడుతుంది. ఇక్కడ గండి పడింది ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలో. నేను చదివిన ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లు సాధారణంగా స్పీకర్ లేకపోయినా ఊరుకుంటాయి, అందుకే నాకు ఆలోచనే రాలేదు. నానమ్మ ఐదో క్లాసు. కానీ తాతయ్య పక్కన ఉండి ఏది ముందో ఏది తర్వాతో వేలసార్లు చూసింది.

ఆటోనగర్ దగ్గర వైండింగ్ చేసే ఒక పెద్దాయన దొరికారు. మాడిన తీగని ఒక్కో చుట్టూ లెక్కపెడుతూ విప్పి, అన్నే చుట్లు మళ్లీ చుట్టారు. "ఈ పని అడిగి చాలా ఏళ్లయింది బాబూ" అన్నారు. ఈసారి హారన్ నానమ్మే తగిలించింది. స్విచ్ వేసి, వేడెక్కేదాకా ఆగి, మైకు నోటి దగ్గర పెట్టుకుని, "హలో, మైక్ టెస్టింగ్" అంది, అచ్చం తాతయ్యలాగే. ఎదురింటి వాళ్లు బయటికొచ్చి చూశారు.

మీ అటక మీద కూడా ఇలాంటిది ఉంటే రెండు మాటలు. ఒకటి, మూత తీయొద్దు. ప్లగ్ పీకేసినా లోపల కెపాసిటర్లలో ప్రాణం తీసే వోల్టేజ్ మిగిలి ఉండొచ్చు. రెండు, స్విచ్ వేసే ముందు ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. నా వీడియో తర్వాతైనా చూడొచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.