కోట లేని కొండ, వేషం లేని మనుషులు

సింగపూర్ నడిబొడ్డున ఫోర్ట్ కానింగ్ అనే చిన్న గుట్ట ఉంది. సెరంగూన్ రోడ్డు దక్షిణపు కొస నుంచి నడిస్తే అరగంట పట్టదు. పద్నాలుగో శతాబ్దంలో ఈ గుట్టమీద రాజప్రాసాదం ఉండేదని మలయా గాథలు చెబుతాయి. తవ్వకాలు ఆ మాటను చాలావరకు బలపరిచాయి. కంటికి మాత్రం ఏ ప్రాసాదమూ ఆనదు. 2019లో, రాఫిల్స్ ఇక్కడ అడుగుపెట్టి రెండువందల ఏళ్ళు నిండిన సందర్భంగా, ఈ గుట్టమీదే ఏడువందల ఏళ్ళ చరిత్రను వేషధారులైన నటీనటులతో కళ్ళకు కట్టించే ప్రయత్నం జరిగింది. ఐరోపాలో కోట ముందు ఉంటుంది, వేషం తరువాత వస్తుంది. ఇక్కడ కోట లేదు, వేషమే ఉంది. చరిత్రను ఇలా చూపించడంలో ఉన్న బలమూ బలహీనతా రెండూ తెలుసుకోవడానికి ఇంతకన్న అనువైన చోటు దొరకదు.

వేషం కట్టి గతాన్ని చూపించడం తెలుగువారికి కొత్త కాదు. పగటివేషగాళ్ళు పురాణ పురుషులను ఇంటి గుమ్మం ముందుకే తెచ్చి నిలబెట్టారు. అయితే దానిని సంగ్రహాలయ పద్ధతిగా మలచినది స్వీడన్ దేశస్థుడు ఆర్తుర్ హాసేలియుస్. ఆయన 1891లో స్టాక్‌హోంలో స్కాన్సెన్ ఆరుబయలు ప్రదర్శనశాలను తెరిచి, పాత ఇళ్ళను ఊళ్ళనుంచి తరలించి, వాటిలో ఆ ప్రాంతాల దుస్తులు తొడిగిన మనుషులను ఉంచాడు. అమెరికాలో 1926 నుంచి రాక్‌ఫెల్లర్ ధనంతో పునర్నిర్మించిన విలియమ్స్‌బర్గ్ పట్టణం ఇదే దారి పట్టింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ పట్టణ జనాభాలో సుమారు సగం నల్లజాతివారు. వారి కథకు అక్కడ గట్టిగా చోటు దొరకడం మొదలైంది 1979లో. 1994 అక్టోబరులో బానిసల వేలాన్ని నటించి చూపించినప్పుడు పెద్ద వివాదమే చెలరేగింది. బాధను వినోదం చేస్తున్నారని కొందరు ఆక్షేపించారు. చూపకపోతే మరచిపోతారని మరికొందరు వాదించారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

ఫోర్ట్ కానింగ్ ప్రాసాదానికి ఆధారమైన గ్రంథం 'సెజారా మెలాయు'. దీనిని మొదట ఇంగ్లీషులోకి తెచ్చినవాడు జాన్ లైడెన్ అనే వైద్యుడు. 1803లో అసిస్టెంట్ సర్జన్‌గా మద్రాసుకు వచ్చిన ఈ స్కాట్లండ్ వాసికి మందులకన్న భాషలమీద మక్కువ ఎక్కువ. 1811లో జావా దండయాత్రకు వెంట వెళ్ళి, చాలాకాలంగా మూసి ఉన్న గ్రంథాలయంలో రాతప్రతులు వెదుకుతూ జ్వరం తెచ్చుకొని మరణించాడని చెబుతారు. అతని అనువాదం రాఫిల్స్ ముందుమాటతో 1821లో లండన్‌లో వెలువడింది.

అందులో తెలుగు పాఠకుడు ఆగి చదవవలసిన కథ ఒకటుంది. సింగపురంలో బడాంగ్ అనే మహాబలుడు ఉన్నాడని విని, కళింగరాజు తన మల్లుణ్ణి ఏడు ఓడలతో పందేనికి పంపుతాడు. రాజభవనం ముందున్న పెద్ద బండను కళింగ మల్లుడు మోకాళ్ళదాకా మాత్రమే ఎత్తగలుగుతాడు. బడాంగ్ దానిని పైకెత్తి నది ముఖద్వారం వైపు విసిరేస్తాడు. కళింగ మల్లుడు ఏడు ఓడల సరుకూ ఓడిపోయి తిరిగి వెళతాడు. కథ అక్కడితో ముగిసిపోదు. బడాంగ్ చనిపోయినప్పుడు అతని సమాధిమీద నిలపడానికి కళింగరాజే ఒక రాతిని పంపుతాడు. ఓడినవాడు పంపిన ఆ రాయి కథకు గొప్ప మర్యాద తెచ్చింది. నది ముఖద్వారం దగ్గర నిజంగానే శాసనమున్న పెద్ద బండ ఒకటి ఉండేది. 1843లో నదీముఖాన్ని వెడల్పు చేయడానికి ఇంజనీర్లు దానిని మందుగుండుతో పేల్చివేశారు. మిగిలిన ఒక ముక్క ఇప్పుడు గుట్ట అడుగున జాతీయ సంగ్రహాలయంలో ఉంది. దానిమీది రాతను ఇంతవరకు ఎవరూ చదవలేకపోయారు.

1822లో గుట్ట ఎక్కిన జాన్ క్రాఫర్డ్ కూడా వైద్యుడే. ఇటుక పునాదులు, మెట్లుగా చెక్కిన నేల, అడవిలో కలిసిపోయిన పాత పండ్లచెట్లు చూసినట్టు ఆయన రాసిపెట్టాడు. 1928లో జలాశయం కోసం తవ్వుతుండగా బంగారు ఆభరణాలు బయటపడ్డాయి. అందులోని దండకడియం మీద జావా పద్ధతిలో కాలముఖం చెక్కి ఉంది. ఆంధ్రదేశపు గుడుల ద్వారాలమీద కీర్తిముఖాన్ని చూసి పెరిగినవారికి అది ఎరుగని ముఖంలా తోచదు. 1984లో జాన్ మిక్సిక్ ఆరంభించిన తవ్వకాలలో చైనా పింగాణీ, గాజుపూసలు, దిక్సూచి గుర్తులున్న పాత్ర దొరికాయి. ఆయన 2013లో వెలువరించిన 'సింగపూర్ అండ్ ద సిల్క్ రోడ్ ఆఫ్ ద సీ' ఈ విషయంలో చదవదగిన పుస్తకం.

ఇంత దొరికినా ప్రాసాదం రూపురేఖలు దొరకలేదు. కొయ్యతో కట్టినది మట్టిలో కలిసిపోయింది. ఇక్కడే పుస్తకానికీ వేషానికీ తేడా తెలుస్తుంది. తెలియని చోట పుస్తకం ఊరుకోగలదు. దర్జీకి ఆ వెసులుబాటు లేదు. అంచు ఏ రంగు, కాళ్ళకు చెప్పులున్నాయా, తల మీద ఏముంది అని ప్రతి ప్రశ్నకూ అతను ఏదో ఒక జవాబు కుట్టి తీరాలి. ఆ ఊహ చూసినవారి మనసులో కొన్నాళ్ళకు వాస్తవంగా స్థిరపడుతుంది.

గుట్టకు పేరిచ్చిన కోట మాత్రం 1859, 1861 మధ్య బ్రిటిషువారు కట్టినది. గవర్నర్ జనరల్ కానింగ్ పేరు పెట్టారు. అక్కడి నుంచి ఓడల మీద ఫిరంగులు పేల్చితే గుండ్లు ఊరిమీదే పడే ప్రమాదం ఉందన్న విమర్శ అప్పుడే వచ్చింది. యుద్ధం చేయకుండానే ఆ కోట కాలగర్భంలో కలిసింది. సింహద్వారం, కొంత గోడ మిగిలాయి.

అదే కాలంలో ఊరి నిజమైన కట్టడాలకు సరుకు సెరంగూన్ రోడ్డు నుంచి వెళ్ళింది. ఆ ప్రాంతంలో సున్నపు బట్టీలుండేవి. తమిళులు దానిని 'సుణ్ణాంబు కంబం' అనేవారు. అంటే సున్నపు పల్లె. వీరమాకాళి అమ్మవారి గుడికీ ఒకప్పుడు ఆ పేరే. ప్రభుత్వపు ఇటుక బట్టీ కూడా ఆ దారిలోనే ఉండేది. అక్కడ పనిచేసినవారు భారతదేశం నుంచి ద్వీపాంతర శిక్షమీద వచ్చిన ఖైదీలు. 1825 ఏప్రిల్‌లో బెంకూలెన్ మీదుగా వచ్చిన తొలి విడతలో 80 మంది మద్రాసు ఖైదీలు. సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్‌నూ, ఈనాటి ఇస్తానా భవనాన్నీ నిర్మించినవి ఆ చేతులే. కెథడ్రల్ గోడలకు పూసినది 'మద్రాసు చునాం'. గవ్వల సున్నంలో కోడిగుడ్ల తెల్లసొన, బెల్లం కలిపి నూరి, కొబ్బరిపీచు నానిన నీళ్ళతో పదును చేసి, ఆరాక రాతితో మెరుగుపెట్టేవారు. ఈ వివరాలన్నీ ఖైదీల మీద అధికారిగా పనిచేసిన మక్‌నేర్, బేలిస్‌తో కలిసి రాసి 1899లో ప్రచురించిన 'ప్రిజనర్స్ దెయిర్ ఓన్ వార్డర్స్'లో ఉన్నాయి. కాళ్ళకు సంకెళ్ళతో దిగినవాడు మంచి నడవడితో మెట్టు మెట్టుగా ఎదిగి తోటి ఖైదీలకే కావలివాడయ్యే ఏర్పాటు అది. పుస్తకం పేరులోని గర్వం రచయితది. లోపలి పని ఖైదీలది.

ఆ ఖైదీలను నాటి అధికారులు 'క్లింగ్' అన్న ఒకే మాటతో జమకట్టారు. ఆ మాట కళింగం నుంచి వచ్చిందే. 'సెజారా మెలాయు'లో ఏడు ఓడలు పంపిన రాజు దేశం పేరు, అయిదువందల ఏళ్ళకు సున్నం మోసేవాడిని పిలిచే పేరుగా దిగజారింది. భారతీయులు అవమానంగా భావించడంతో 1920ల తొలినాళ్ళలో క్లింగ్ స్ట్రీట్‌ను చూలియా స్ట్రీట్‌గా మార్చారు. ఆ జమలో తెలుగు మాట్లాడినవారెవరో, తమిళం మాట్లాడినవారెవరో విడదీయడానికి ఆ మాట దారి ఇవ్వదు.

రాజుకు వేషం కట్టడం తేలిక. ఆధారం కొరవడిన చోట ఊహ ఆదుకుంటుంది, చూసేవారూ అభ్యంతరం చెప్పరు. ఖైదీ విషయంలో ఆధారాలకు అంత కొరత లేదు. అతను చేసిన పని, కలిపిన సున్నం పాళ్ళు, ఎక్కిన మెట్లు అన్నీ నమోదై ఉన్నాయి. వేషం కట్టడానికి కావలసినది జంకు విడిచే ధైర్యమే. విలియమ్స్‌బర్గ్‌కు ఆ ధైర్యం రావడానికి యాభై ఏళ్ళు పట్టింది, వచ్చాక కూడా నిందలు తప్పలేదు. 1873లో సింగపూర్ ఖైదీల వ్యవస్థ ముగిసింది. కొందరిని అండమానుకు పంపారు. క్షమాభిక్ష పొందినవారిలో పలువురు ఈ ఊళ్ళోనే కలిసిపోయారు. ఫిరంగుల కోట కూలిపోయింది గాని, వారి సున్నం పూసిన గోడలు ఇంకా తెల్లగానే నిలబడి ఉన్నాయి.