యువతలో మధుమేహం: తొలి లక్షణాలు

మధుమేహం (షుగరు జబ్బు) రక్తంలో గ్లూకోజు ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉండే వ్యాధి. ఇది పెద్దవయసులోనే వస్తుందన్న నమ్మకం వల్ల పిల్లల్లో, యువతలో గుర్తించడం ఆలస్యమవుతుంది.

మొదటి రకం మధుమేహంలో శరీర రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేస్తుంది. అతిదాహం, అతిమూత్రం, బాగా తింటున్నా చిక్కిపోవడం, నీరసం, చూపు మసకబారడం కొద్ది వారాల్లోనే బయటపడతాయి. పక్క తడపడం మానేసిన పిల్లలు మళ్లీ తడపడం, మూత్రం పోసినచోట చీమలు పట్టడం ఇంట్లోవాళ్ల కంటపడే గుర్తులు. నంద్యాల జిల్లా పాములపాడు వంటి ఊళ్లలో వేసవిలో దాహం సహజమే. కానీ ఎండదెబ్బకు మూత్రం తగ్గుతుంది. మధుమేహంలో దాహంతోపాటు మూత్రమూ పెరుగుతుంది. ఈ తేడా గమనించాలి.

రెండో రకం మెల్లగా ముదురుతుంది. ఊబకాయం, కుటుంబంలో ఈ జబ్బు ఉండటం ప్రధాన కారణాలు. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారడాన్ని చాలామంది మురికి అనుకుంటారు. అది ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి సూచన కావచ్చు.

వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, నోట్లో పండ్ల వాసన, మగత కీటోఅసిడోసిస్ (ఇన్సులిన్ కొరతతో రక్తంలో ఆమ్లాలు పెరగడం) లక్షణాలు. ఇది ప్రాణాపాయ స్థితి; వెంటనే 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి.

పరగడుపున డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, లేదా లక్షణాలున్నవారిలో ఏ వేళనైనా 200, అంతకుమించి గ్లూకోజు ఉంటే మధుమేహంగా పరిగణిస్తారు. మొదటి రకానికి ఇన్సులిన్ తప్పనిసరి. నాటుమందులు దానికి బదులు కావు. 1922లో టొరంటోలో ఇన్సులిన్ తొలిసారి అందుకున్నది 14 ఏళ్ల బాలుడే.