బేగంపేట లేఖలు: రాస్, మాన్సనుల ఉత్తర ప్రత్యుత్తరములు

హైదరాబాదులో అమీర్‌పేట, పంజాగుట్టల నానుకొనియున్న బేగంపేటయందు సర్ రోనాల్డ్ రాస్ పేర నొక పాత భవనము కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఈ భవనమును చూచినవారికి 1897 ఆగస్టు 20వ తేదీ జ్ఞప్తికి వచ్చుట సహజము. మలేరియా జీవి దోమ కడుపులో పెరుగునని రాస్ కనుగొన్న దినమది. ఆ దినమును గూర్చి మనవారు తరచుగా చెప్పుదురు. దానికి ముందు గడచిన రెండు సంవత్సరములను గూర్చి చెప్పుట అరుదు. ఆ కాలపు వృత్తాంతము రాస్, పాట్రిక్ మాన్సనులు పరస్పరము వ్రాసికొన్న లేఖలలో నిలిచియున్నది. చరిత్ర పరిశోధకునకు లేఖ యెట్టి ఆధారమో తెలిసికొనుటకు ఈ లేఖలు చక్కని నిదర్శనము.

మాన్సన్ లండనులో ప్రసిద్ధ వైద్యుడు. బోదకాలు వ్యాధికి కారణమైన సూక్ష్మక్రిములు దోమ శరీరములో పెరుగునని ఆయన అంతకుముందే చైనాలో కనుగొనియుండెను. 1894లో రాస్ లండనులో ఆయనను దర్శించి, మలేరియాకును దోమకును సంబంధముండవచ్చునన్న ఊహను ఆయన ముఖతః వినెను. 1895లో సికింద్రాబాదులోని సైనికోద్యోగమునకు తిరిగి వచ్చిననాటినుండి 1899 వరకు రాస్ ఆయనకు నూటికి పైగా లేఖలు వ్రాసెను. జాబు సముద్రము దాటి లండను చేరుటకు వారములు పట్టెడిది. ప్రత్యుత్తరమునకు మరల అంతకాలము. కావున గురువు సలహా చేరునాటికి శిష్యుని పరిశోధన వేరొక మలుపు తిరిగియుండెడిది. ఒకని ఉత్తరములను మాత్రమే చదువువాడు ఈ కాలవ్యవధిని మరచి పొరబడుటకు అవకాశము కలదు.

ఈ లేఖలలో విజయములకంటె వైఫల్యములే యెక్కువ. రోగి రక్తము త్రాగిన దోమ నీటిలో పడి చచ్చుననియు, ఆ నీటిని త్రాగినవారికి జ్వరము వచ్చుననియు మాన్సన్ తలచెను. దానిని పరీక్షింపగోరి 1895లో రాస్ దోమలు చచ్చిన నీటిని లచ్చుమన్ అనువానిచే త్రాగించెను. వానికి కొలదిపాటి జ్వరము వచ్చి తగ్గెను. రాస్ కొంత ఆశపడెను గాని, తరువాత ఇతరులపై జరిపిన ప్రయోగములు ఆ ఆశను నిలువనీయలేదు. రెండేండ్లపాటు ఆయన పరీక్షించిన దోమలలో అధికభాగము మలేరియాను మోయని జాతులవే. ఆ సంగతి అప్పటికి ఆయనకు గాని, మాన్సనుకు గాని తెలియదు.

1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు లభించినవి. మలేరియా రోగియైన హుసేన్ ఖాన్ ఆగస్టు 16న ఆ దోమలచే కుట్టించుకొనెను. కుట్టిన దోమ యొక్కింటికి వానికి ఒక అణా ప్రతిఫలము. గాలికి దోమలు చెదరునని రాస్ పంకా వేయనీయలేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. 20వ తేదీన కోసిచూచిన దోమ కడుపు గోడలో నల్లని రేణువులు గల కణములు కానవచ్చినవి. మరునాటి దోమలో అవి మరింత పెద్దవై యుండెను. ఆ ఫలితము డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నలులో ప్రకటితమయ్యెను. అచ్చయిన వ్యాసము ఫలితమును చెప్పినది. దానికి వెనుకనున్న దారితప్పులను చెప్పినవి లేఖలు.

1923లో రాస్ స్వీయచరిత్రను ప్రకటించెను. అప్పటికి ఆయనకు 1902 నాటి నోబెల్ బహుమానము వచ్చియుండెను. ఇటలీ శాస్త్రజ్ఞులతో ప్రాథమ్యమును గూర్చిన కలహము ముదిరియుండెను. 1912లో మాన్సన్ వ్రాసిన యొక లేఖ కారణముగా ఆయనపై పరువునష్టపు వ్యవహారమునకును రాస్ పూనుకొనియుండెను. స్నేహమును పెంచినదియు లేఖయే, చెరచినదియు లేఖయే. కలహముల తరువాత వ్రాసిన స్వీయచరిత్రను, ఫలితము తెలియక మునుపు వ్రాసిన లేఖలతో సరిపోల్చి చదువుట పరిశోధకుని విధి. అయితే లేఖయు నిష్పక్షపాతమైన సాక్షి కాదు. శిష్యుడు గురువు మెప్పును కోరి వ్రాయును. తన ఊహకు అనుకూలమైన దానిని ముందు చెప్పును. లచ్చుమన్ జ్వరమును గూర్చిన ఉత్సాహము ఇట్టిదే.

ఇంకొక లోటు కలదు. లచ్చుమన్, హుసేన్ ఖాన్ మొదలగువారు మనకు రాస్ వ్రాతల వలననే తెలియుచున్నారు. వారు ఏమి తలచిరో, త్రాగిన నీటిలో ఏమున్నదో లచ్చుమనునకు ఎంతవరకు తెలిసెనో చెప్పు పత్రము లేదు. పరిశోధన జరిగినది ఈ నేలపై. దేహములొడ్డినవారు ఈ దేశస్థులు. కలము మాత్రము ఒక్కని చేతిలో నుండెను. ఇది గుర్తెరుగక వ్రాసిన చరిత్ర సగము చరిత్రయే.

రాస్ తన పత్రములను భద్రపరచి 1928లో అమ్మకమునకు పెట్టెను. అవి నేడు లండను, గ్లాస్గో నగరములలోని వైద్యసంస్థలలో నున్నవి. మాన్సనుతో నడచిన లేఖలను బైనమ్, ఓవరీయనువారు పరిష్కరించి 1998లో గ్రంథముగా వెలువరించిరి. గురజాడ అప్పారావుగారి లేఖలును, దినచర్యలును అచ్చగుటచే ఆయన రచనలకు వెనుకనున్న ఆలోచనలు మనకు కొంత తెలిసినవి. మన పండితుల, వైద్యుల, ఉపాధ్యాయుల ఉత్తరములు ఇంకను ఎన్నియిండ్ల పెట్టెలలో చెదలకు ఆహారమగుచున్నవో! పరిశోధక విద్యార్థులు అచ్చుగ్రంథములతో తృప్తినొందక, తమ యూరి పెద్దల ఇండ్లకు పోయి ఆ పెట్టెలను తెరపింపవలెను. దొరకిన లేఖకు తేదీని, వ్రాసిన చోటును, ప్రత్యుత్తరము దొరకినచో దానిని జతపరుపవలెను. అందు పేరు మాత్రమే మిగిలినవారి నెవరినేని కనుగొన్నచో, ఆ పేరును జారవిడువరాదు.