లోహం పలికే తీరు: సుత్తి దెబ్బ నుంచి త్రీడీ ప్రింటింగ్ దాకా

లోహాన్ని తట్టి, అది పలికే తీరును బట్టి లోపలి బాగోగులు తేల్చడం యంత్రాలు రాకముందే ఉన్న విద్య. 19వ శతాబ్దపు రైల్వేలలో పొడవాటి పిడి ఉన్న సుత్తితో చక్రాలను ఒక్కొక్కటిగా తట్టుకుంటూ పోయే పనివాడు, సంతలో కుండను వేలితో మోగించి కొనేవారిలాగే, ఖంగుమన్న చక్రాన్ని వదిలి, బొంగురుగా పలికినదాన్ని అనుమానించేవాడు. బీట ఉందని పట్టగలిగిన ఆ చెవికి అది ఎక్కడుందో మాత్రం అందేది కాదు.

ఆ చోటును వెదికే ప్రయత్నం అతిధ్వనులతో, అంటే మనిషి చెవికి అందనంత వేగంగా కంపించే ధ్వనులతో మొదలైంది. లెనిన్‌గ్రాడ్‌లో సెర్గేయ్ సొకొలోవ్ 1928లో ప్రతిపాదించిన పద్ధతిలో తరంగం లోహానికి ఒకవైపు నుంచి ప్రవేశించి రెండోవైపు బయటపడేది, మధ్యలో లోపముంటే అవతల అందే ధ్వని తగ్గేది. కాని లోతు తెలిసేది కాదు, రెండు వైపులా చోటు కావలసి వచ్చేది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఫ్లాయిడ్ ఫైర్‌స్టోన్ 1940లో పేటెంటుకు దరఖాస్తు చేసి 1942లో పొందిన పరికరం ఈ చిక్కును విప్పింది: క్షణికమైన ధ్వని స్పందాన్ని పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని అదే వైపు నుంచి విని, ఉక్కులో సెకనుకు సుమారు 5,900 మీటర్లు సాగే ధ్వని ఎంత సేపటికి మరలి వచ్చిందో కొలిచి, పగులు ఎంత లోతున ఉందో అది చెప్పగలిగింది.

పోతపోసిన, సాగగొట్టిన లోహాలకు చక్కగా సరిపోయిన ఈ విద్యకు, 1990ల మధ్యలో జర్మనీలోని ఆఖెన్‌లో రూపుదిద్దుకున్న లేజర్ త్రీడీ ముద్రణ కొత్త పరీక్ష పెట్టింది. సన్నని లోహపు పొడిని పొరగా పరచి, కావలసిన చోట లేజరుతో కరిగించి, దానిపై మరో పొర పరుస్తూ సాగే ఈ పనిలో ఒక్కో పొర మందం తరచు 20 నుంచి 60 మైక్రోమీటర్లే. పొడి సరిగా కరగనిచోట పొరల మధ్య చదునైన ఖాళీలు, వేడి మరీ ఎక్కువైన చోట గుండ్రని రంధ్రాలు మిగులుతాయి. 5 మెగాహెర్ట్జ్ అతిధ్వనికి ఉక్కులో తరంగదైర్ఘ్యమే దాదాపు 1.2 మిల్లీమీటర్లు కనుక, చిన్న రంధ్రాలు దాని కన్నుగప్పుతాయి; గరుకైన ఉపరితలమూ వంకర లోదారులూ ధ్వనిని చెదరగొట్టి ప్రతిధ్వనిని మసకబారుస్తాయి.

ఇందుకే తట్టి వినే పాత ఉపాయానికే మళ్లీ పని పడింది. అనునాద పరీక్షలో భాగాన్ని మొత్తంగా కంపింపజేసి, దాని సహజ పౌనఃపున్యాలను మంచిదని తేలిన భాగపు పౌనఃపున్యాలతో పోలుస్తారు. లోపం వస్తువు బిగువును తగ్గిస్తే ఆ స్వరాలు కాస్త దిగుతాయి. ఆకారం ఎంత జటిలమైనా దీనికి అడ్డు కాదు, అయితే చక్రాలు తట్టిన పనివాడికిలాగే దీనికీ లోపం ఉందనే తెలుస్తుంది గాని, చోటు తెలియదు.