విప్పే ముందు చదవాలి: పాత రేసు బండ్ల జాడ, సాక్ష్యం, పునరుద్ధరణ

ఒక పాత బండి ఒకప్పుడు రేసుల్లో పరుగెత్తిందని దాని యజమాని చెబుతాడు. ఆ మాటను ఏ ఆధారంతో నమ్మాలి? ఆధారం వెతకక ముందే బండిని విప్పి, రంగు కొట్టించి, కొత్తదానిలా నిలబెడితే ఏం పోతుంది? ఈ వ్యాసం ఈ రెండు ప్రశ్నలకే పరిమితం. ఇందుకు గంగవరాన్ని కేంద్రంగా తీసుకుని పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాన్ని చూస్తున్నాను. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే ఈ మూలలో బండ్లూ విడిభాగాలూ మెకానిక్కులూ సరిహద్దులు దాటుతూనే ఉంటారు. జాడ తీయడానికి అదే ఇబ్బంది, అదే అవకాశం.

మన దగ్గర మజిల్ కారు పాత్ర ఎవరిది?

అమెరికాలో 1964 నాటి పాంటియాక్ జీటీఓతో ‘మజిల్ కారు’ పేరు స్థిరపడింది. మధ్యతరహా కారులో భారీ వీ8 ఇంజన్ పెట్టడం దాని సూత్రం. పరిశ్రమలకు ప్రభుత్వ లైసెన్సులు తప్పనిసరైన కాలంలో మన రోడ్ల మీద తిరిగినవి 1,489 సీసీ అంబాసిడర్, 1,089 సీసీ పద్మిని, 948 సీసీ స్టాండర్డ్ హెరాల్డ్. ఆ పరిస్థితిలో వేగం మీది మోజు రెండు దారులు పట్టింది. ఒకటి, ఉన్న కార్లనే తేలిక చేసి, ఇంజన్ సవరించి పోటీకి దించడం. రెండోది, రెండు స్ట్రోకుల మోటారు సైకిళ్లు.

మొదటి దారికి వేదిక షోలవరం. మద్రాసు నుంచి నెల్లూరు వైపు వచ్చే దారిలో రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రన్‌వే అది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ దశాబ్దాల పాటు పోటీలు నడిపింది. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ రావడంతో ఆ అధ్యాయం ముగిసింది.

రెండో దారికి మూలం మైసూరు. 1960ల మొదట్లో అక్కడ మొదలైన ఐడియల్ జావా కర్మాగారం 1973 నుంచి యెజ్డీ పేరుతో బండ్లు చేసి, 1996లో మూతపడింది. 1983లో ఎస్కార్ట్స్ సంస్థ యమహా సాంకేతికతతో రాజ్‌దూత్ 350ని తెచ్చింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. మొదట వచ్చిన హెచ్‌టీ రకం 30.5 హార్స్‌పవర్, పెట్రోలు ఖర్చు తగ్గించడానికి తరువాత తెచ్చిన ఎల్‌టీ రకం 27. ఇక 1985 నుంచి 1996 వరకు వచ్చిన 98 సీసీ ఆర్ఎక్స్ 100 పేరు తెలియని పల్లె మన దగ్గర అరుదు. అమెరికా వీధుల్లో వీ8 కార్లకు దక్కిన మోజు మన వీధుల్లో వీటికి దక్కిందనుకుంటే పెద్దగా తప్పు కాదు.

బండి గుర్తింపు వేరు, బండి కథ వేరు

డెట్రాయిట్ నగరపు ‘బ్లాక్ ఘోస్ట్’ ఈ తేడాను బాగా చూపిస్తుంది. అది 1970 మోడల్ డాడ్జ్ ఛాలెంజర్, 7 లీటర్ల హెమీ ఇంజన్, 425 హార్స్‌పవర్. దాని యజమాని గాడ్‌ఫ్రీ క్వాల్స్ పోలీసు ఉద్యోగి. రాత్రిళ్లు వుడ్‌వర్డ్ అవెన్యూలో రేసుకు వచ్చి, గెలిచి, మాయమయ్యేవాడని ప్రతీతి. తరువాత ఆ కారు ఏళ్ల తరబడి గ్యారేజీలోనే ఉండిపోయింది. 2015లో ఆయన పోయాక కొడుకు దాన్ని బయటికి తెచ్చాడు. 2020లో అది అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టరులోకి ఎక్కింది. 2023 వేలంలో రుసుములతో కలిపి దాని ధర 10 లక్షల డాలర్లు దాటింది.

ఇక్కడ రెండు వేర్వేరు వాదనలున్నాయి. ఇది ఆ కారేనా అన్నది మొదటిది. దానికి నంబర్లు, కాగితాలు, మొదటినుంచీ ఒకే కుటుంబం చేతిలో ఉండటం సాక్ష్యం. ఈ కారు ఫలానా రేసులు గెలిచిందా అన్నది రెండోది. దానికి ఎక్కువగా మనుషుల జ్ఞాపకాలే ఆధారం. వీధి రేసు చట్టవిరుద్ధం కనుక దానికి ఫలితాల పట్టిక ఉండదు. ఆ కారు పాత రంగునూ అరుగుదలనూ అలాగే ఉంచడం వల్ల మొదటి వాదన ఇంకా గట్టిపడింది.

స్టీవ్ మెక్వీన్ నటించిన 1968 నాటి ‘బులిట్’ సినిమా స్టంటు కారు కథ ఇంకో కోణం చూపుతుంది. మెక్సికోలో దొరికిన ఒక పాత మస్టాంగ్ బాడీని వేరే సినిమా కారుకు నకలుగా మార్చే పని మొదలైంది. మధ్యలో ఛాసిస్ నంబరు సరిచూస్తే అది బులిట్ కారని తేలింది. ఆ నంబరు చూడటం ఇంకొంత ఆలస్యమై ఉంటే మిగిలిన ఆధారాలు కూడా ఆ పనిలోనే కలిసిపోయేవి.

కాగితాల జాడ

మన ప్రాంతంలో మొదటి ఆధారం ఆర్‌సీ బుక్కు. కానీ దాన్ని చదవడానికి కాలక్రమం తెలియాలి. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమల్లోకి వచ్చింది. చిత్తూరు జిల్లాకు ఏపీ 03 వరుస ఆ కొత్త పద్ధతిలో వచ్చినదే. అంటే 1984 మోడల్ అని చెప్పే రాజ్‌దూత్ 350కి ఏపీ 03 నంబరు ఉంటే, అది చాలా వరకు దాని మొదటి నంబరు కాదు. బండి వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఉండాలి, లేదా చెబుతున్న సంవత్సరమే తప్పయి ఉండాలి. ఏది నిజమో తేలేదాకా రెండింటినీ రాసి ఉంచుకోవాలి.

రాష్ట్రం మారిన బండికి పాత ఆర్టీవో ఆఫీసు ఇచ్చిన ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) ఉండాలి, కొత్త నంబరు పక్కన పాత నంబరు ప్రస్తావన ఉండాలి. కోలారు కేఏ 07, కృష్ణగిరి టీఎన్ 24 వంటి నంబర్లు కనిపిస్తే వెతుకులాట ఆ ఆఫీసులకు సాగాలి. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ మొత్తానికి ఏపీ 39తో ఒకే వరుస మొదలయ్యాక, నంబరు చూసి జిల్లా చెప్పే వీలు పోయింది. అందువల్ల ఆ తరువాత నంబరు మారిన బండ్ల పాత కాగితాలకు విలువ ఇంకా పెరిగింది.

ఫొటోల విషయంలోనూ జాగ్రత్త కావాలి. పోటీ రోజున బండి మీద అంటించే అంకె ఆ పోటీకే చెందుతుంది, అది రిజిస్ట్రేషన్ నంబరు కాదు. ఫొటోలోని బండి, మన ముందున్న బండి ఒకటేనని చెప్పాలంటే రెండింటిలోనూ ఒకే చోట వెల్డింగు మచ్చో, సొట్టో, అదనపు రంధ్రమో కనిపించాలి.

లోహం చెప్పే సాక్ష్యం

రెండో ఆధారం బండే. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు చూసేటప్పుడు అంకెలతో పాటు అచ్చు తీరు, లోతు, చుట్టూ గ్రైండింగు గీతలు ఉన్నాయా లేదా అన్నదీ గమనించాలి. కొన్ని కంపెనీలు రెండు చోట్లా ఒకే అంకె కొట్టేవి, కొన్ని వేర్వేరు అంకెలు. ఆ కంపెనీ, ఆ ఏడాది పద్ధతి తెలుసుకోకుండా ‘నంబర్లు కలిశాయి’ అనడం తొందరపాటు.

రాజ్‌దూత్ 350 సిలిండరు బోరు కొలత మొదట 64 మిల్లీమీటర్లు. ఓవర్‌సైజ్ పిస్టన్లు 0.25 చొప్పున పెరుగుతాయి. ఇప్పుడు 64.50 ఉంటే రెండో ఓవర్‌సైజ్ దాకా బోరు కొట్టించారని చెప్పవచ్చు. ఆ అరుగుదల రేసుల వల్ల వచ్చిందా, మామూలు వాడకం వల్ల వచ్చిందా అన్నది మాత్రం ఆ కొలత చెప్పదు. సిలిండరు పోర్టుల (గ్యాసులు వచ్చిపోయే రంధ్రాల) లోపల ఆకురాయి గీతలుంటే, పోర్టు ఎత్తు కంపెనీ కొలతకు తేడాగా ఉంటే ఎవరో వేగం కోసం పనిచేశారని అర్థం. పోటీలో పాల్గొన్నదనడానికి అది చాలదు. ఎల్‌టీ బండిని హెచ్‌టీగా మార్చడం ఎప్పటినుంచో ఉన్న పని కాబట్టి, సిలిండర్లూ సైలెన్సర్లూ చూసి రకం తేల్చకూడదు. ట్యాంకు, స్టిక్కర్లు, బ్యాడ్జీలు ఇప్పుడు కొత్తగా తయారై దొరుకుతున్నాయి. కనుక పై రూపం అన్నిటికంటే బలహీనమైన సాక్ష్యం.

షెడ్డు జ్ఞాపకం

మూడో ఆధారం మెకానిక్కులు. ఎవరు ఎంత వేగంతో గెలిచారన్న జ్ఞాపకం ఏళ్లు గడిచేకొద్దీ పెరిగే అవకాశం ఉంది. క్రాంకు ఏ లేత్‌లో సరిచేయించారు, భాగాలు చెన్నై పుదుపేట నుంచి తెచ్చారా, బెంగళూరు జేసీ రోడ్డు నుంచా అన్న పని వివరాలు గొప్పలకు పోనివి. వాటిని బండితో సరిచూడవచ్చు కూడా. అందుకే ఆ ప్రశ్నలే ముందు అడగాలి. ఇద్దరిని విడివిడిగా అడిగి, ఇద్దరూ చెప్పినదాన్ని ఒక వరుసలో, ఒకరే చెప్పినదాన్ని ఇంకో వరుసలో రాయాలి. ఆ చేతులు పని మానేస్తున్న కాలమిది. ఈ పని వాయిదా పడిన ప్రతి ఏడాదీ కొంత చరిత్ర తిరిగి రాకుండా పోతుందన్నదే నా ఆందోళన.

పునరుద్ధరణ, చట్టం

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా ఆమోదించిన ట్యూరిన్ పత్రం పరిరక్షణకూ పునరుద్ధరణకూ తేడా చూపుతుంది. వీలైనంత తక్కువ జోక్యం, చేసిన ప్రతి మార్పుకూ రాతపూర్వక నమోదు అన్నవి దాని సారం. మన షెడ్లలో ఇది కష్టమైన పనేమీ కాదు. విప్పేముందు అన్ని వైపులా ఫొటోలు, నంబర్ల దగ్గరి ఫొటోలు, బోరు, పోర్టు కొలతలు తీసుకోవాలి. ట్యాంకు కింద కనపడని చోట రంగును పొర పొరగా గీకి వరుస రాసుకోవాలి. తీసేసిన భాగానికి చీటీ కట్టి దాచాలి. ఇవన్నీ అయ్యాకే డెంటింగు, పెయింటింగు.

మన చట్టంలో ఒక చిక్కుంది. 2021లో తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెదరని వాటికే వర్తిస్తాయి. ఆ లెక్కన తొలి రాజ్‌దూత్ 350లు కూడా 2033 దాకా ఆగాలి. పైగా పోటీ కోసం చేసిన మార్పులే రేసు బండి చరిత్ర. ఆ మార్పులే దాన్ని ‘అసలు రూపం’ అన్న నిర్వచనం నుంచి తప్పించే ప్రమాదం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదు. అదే చట్టం 189వ సెక్షన్ ప్రకారం అనుమతి లేని వీధి రేసు నేరం. కాబట్టి ఇలాంటి బండికి తగిన చోటు ప్రదర్శనశాల లేదా ట్రాక్.

తేలినది

ఈ ప్రాంతంలో పాత రేసు బండి గురించి ఎవరైనా చెప్పే మాటను మూడు మెట్లుగా రాయడం మేలు: నంబర్లూ కాగితాలూ నిరూపించినది, లోహం సూచిస్తున్నది, మనుషులు చెబుతున్నది. మూడింటినీ కలిపి ఒకే కథగా చెప్పకూడదు. కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచి దక్షిణాది భాషల మీద పనిచేస్తోంది. మదనపల్లె, కుప్పంలలో ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి. తెలుగు, కన్నడ, తమిళం మాట్లాడే మెకానిక్కుల జ్ఞాపకాలను మొదటివారు, బండ్ల కొలతలను రెండోవారు నమోదు చేస్తే, ఈ మూడు రాష్ట్రాల మూలకు తనదైన పత్రభాండాగారం ఏర్పడుతుంది. దానికి పెద్ద నిధులు అక్కరలేదు. స్పానరు పట్టే ముందు నోటు పుస్తకం తెరిచే అలవాటు షెడ్డులో మొదలైతే చాలు, మిగతాది ఆ పుస్తకాల మీద కట్టుకోవచ్చు.