గేర్‌బాక్సు చమురు కారుట – మన పాత కార్ల చరిత్ర



శతాబ్ది సంచికలో ఆలయముల చరిత్రను, పెద్దల జీవితములను చదువుచున్న మీకు మోటారు కారు గేర్‌బాక్సును గూర్చిన వ్యాసము వింతగా తోచవచ్చును. కాని గడచిన నూరేండ్లలో మన ప్రజల బ్రతుకు ఎట్లు మారినదో తెలిసికొనుటకు మోటారు బండి మంచి కొలబద్ద. చాదర్‌ఘాట్ నుండి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ మీదుగా విజయవాడకు పోవు దారినే చూడుడు. ఎడ్లబండ్లు నడచిన కాలము పోయి బస్సులు, లారీలు, అంబాసిడర్ కార్లు వచ్చినవి. 2018 సెప్టెంబరు 24 నుండి ఎల్.బి.నగర్ వరకు తలమీదుగా మెట్రో రైలు నడుచుచున్నది. ఆ దారిప్రక్క గ్యారేజీలలో నేటికిని అప్పుడప్పుడు ఒక పాత అంబాసిడర్ నిలిచి యుండును. దాని క్రింద నేలమీద నల్లని చమురు మరక యుండును. ఆ మరక ఎందుకు పడుచున్నది? దానిని ఆపుట ఎట్లు? ఇదియే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా ఒక మాట. ఎడ్లబండి ఇరుసుకు మన పెద్దలు కందెన పెట్టెడివారు. అది కొంత కారిపోవును, కొంత దుమ్ముతో గట్టిపడును; వారము తిరుగకముందే మరల పెట్టవలెను. ఎవరును దానిని లోపమని అనలేదు. తొలినాటి మోటారు కార్లును ఇంచుమించు ఆ ఎడ్లబండి ధర్మమునే అనుసరించినవి. గేర్లమీద చిక్కని గ్రీజునో, మందమైన చమురునో పోసి, తగ్గినకొలది మరల పోయుట నాటి పద్ధతి. చమురు కారకుండ ఆపుట అనునది తరువాత పుట్టిన ఆలోచన.

మన నగరమునకు ఆ తొలి తరము కార్లు నిజాముల కాలములోనే వచ్చినవి. చౌమహల్లా ప్యాలెస్‌లో నేడు ప్రదర్శనకు ఉంచిన పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 1912 నాటిది. రాజులకు పరిమితమైన మోటారు ప్రయాణము సామాన్యునికి అందినది 1932 జూన్ మాసములో. నిజాం స్టేట్ రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ ఆనాడు 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను ఆరంభమాయెను. తరువాతి కాలపు ఆర్టీసీకి మూలము ఇదియే. బస్సు వచ్చినచోటికి వర్క్‌షాపు వచ్చును. వర్క్‌షాపు వచ్చినచోట ఉస్తాదులు తయారగుదురు. గేర్‌బాక్సు విప్పి మరల బిగించు విద్య మన ప్రాంతములో పుస్తకముల ద్వారా వ్యాపించలేదు. ఉస్తాదు ప్రక్కన కూర్చుండి పానాలు అందించిన కుర్రవారి చేతుల ద్వారా వ్యాపించినది.

ఇక చమురు నాపిన సాధనముల చరిత్రకు వత్తము. గేర్‌బాక్సునకు ముందొక షాఫ్టు, వెనుకనొక షాఫ్టు బయటకు వచ్చును. తిరుగుచున్న షాఫ్టు చుట్టును కొద్దిపాటి సందు తప్పదు. ఆ సందులోనుండియే చమురు దారి చేసికొనును. దీనికి తొలి వైద్యము ఉన్నిని అదిమి చేసిన ఫెల్టు ఉంగరములు, తోలు ఉంగరములు. మూతల నడుమ బెండుతోను, మందపు కాగితముతోను చేసిన గాస్కెట్లు. తోలు అనగానే మనము తలచుకొనవలసిన సంగతి ఒకటి గలదు. మోటబావిపై నీరు కారని తోలు బొక్కెనను కుట్టిన చేతులు మన పల్లెలలో ఉండెను. ఆ చేతుల బిడ్డలు మన సంఘములలో ఎందరో ఉన్నారు. తోలును నూనెతో నానబెట్టి మెత్తగా నుంచినంతకాలము అది ద్రవమును ఆపును, ఎండిన నాడు వదలును అను సత్యము వారికి యంత్రములు రాకమునుపే తెలిసియుండెను.

ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ఐరోపాలో కూడ ఆయిల్ సీలు తోళ్ల పనినుండియే పుట్టినది. జర్మనీలోని వైన్‌హైమ్ పట్టణమున 1849 లో తోళ్లు పదునుచేయుటకు స్థాపింపబడిన ఫ్రాయ్‌డెన్‌బర్గ్ సంస్థ, 1929 ప్రాంతమున తోలుతో సీళ్లు చేయ మొదలిడెను. 1930 దశకములో చమురుకు కరగని కృత్రిమ రబ్బరు వచ్చెను. ఇనుప చట్రములో పొదిగిన రబ్బరు పెదవి, ఆ పెదవిని షాఫ్టుకు అదిమిపట్టు సన్నని స్ప్రింగు – నేడు రాణిగంజ్ దుకాణములలో చిన్న పొట్లములో దొరకు ఆయిల్ సీలు రూపము ఇదియే.

అయితే రబ్బరు సీలు వచ్చిన వెంటనే అన్ని కార్లలోను చేరలేదు. ఇచ్చటనే మన అంబాసిడర్ కథ వచ్చును. 1942 లో స్థాపింపబడిన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారములో, బ్రిటనుయొక్క మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాతో 1958 లో అంబాసిడర్‌ను ప్రవేశపెట్టెను. తరువాత దానికి అమర్చిన 1489 సి.సి. యింజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబపు తొలి యింజనులలో క్రాంక్‌షాఫ్టు వెనుక కొనకు రబ్బరు సీలు లేదు. దానికి బదులు షాఫ్టుమీద మరచుట్టువలె ఒక గాడి కోయబడి యుండును. షాఫ్టు తిరుగుచున్నంతసేపు ఆ మర చమురును లోపలికి నెట్టుచుండును. బండి ఆగినప్పుడు అడ్డు లేదు. కావున దినమంతయు తిరిగి రాత్రి నిలిచిన బండి క్రింద ఒకటి రెండు చుక్కలు పడుట ఆ యంత్రము స్వభావమే గాని రోగము కాదు.

ఈ సంగతి తెలియక పలువురు నష్టపోవుదురు. యింజనుకును గేర్‌బాక్సుకును నడుమనున్న బెల్ హౌసింగు అడుగున ఒక రంధ్రముండును. కారిన చమురు క్లచ్ ప్లేటుమీద పడక బయటకు పోవుటకే ఆ రంధ్రము. అక్కడ చుక్క కనబడగానే గేర్‌బాక్సు కారుచున్నదని దించివేయుదురు. తీరా చూచినచో ఆ చమురు యింజనుది! కనుక మొదట చమురును వ్రేళ్లమధ్య రుద్ది వాసన చూడవలెను. గేరు చమురు చిక్కగా నుండి, చాలవరకు గంధకపు ఘాటు కలిగియుండును. యింజను చమురు పలుచగాను, వాడకమువలన నల్లగాను ఉండును. ఆటోమేటిక్ బండ్లలోని ద్రవమునకు ఎర్ర రంగు కలుపుదురు. అది యింజను చమురని పొరబడకుండుటకే ఆ రంగు.

ఆటోమేటిక్ అన్నాము గనుక దాని చరిత్రయు కొంత చెప్పుట మంచిది. క్లచ్ పెడలు లేకుండ గేర్లు తమంత తామే మారు హైడ్రామాటిక్ అను యంత్రమును అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1939 లో, 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లకొరకు వెలువరించెను. ఇందులోని ద్రవము కందెన మాత్రమే కాదు. శక్తిని మోయునదియు, ఒత్తిడితో గేర్లను పట్టునదియు అదియే. కొన్ని దశాబ్దములపాటు ఆ ద్రవములో స్పెర్మ్ తిమింగలపు నూనెను కలిపిరి. 1970 లో అమెరికా ప్రభుత్వము ఆ తిమింగలమును అంతరించు ప్రమాదమున్న ప్రాణుల పట్టికలో చేర్చిన పిమ్మట రసాయన శాస్త్రజ్ఞులు బదులు పదార్థములు వెదకవలసి వచ్చినది. భూమికి ఆవలి ప్రక్క సముద్రములోని జీవికిని కారు గేర్లకును ఇట్టి సంబంధముండునని ఎవరు తలంతురు!

ఇప్పుడు మరమ్మతు. ముందు గేర్‌బాక్సు వెలుపలి భాగమంతయు కిరోసినుతో కడిగి ఆరబెట్టవలెను. దానిమీద పౌడరు చల్లి, బండిని కొద్ది దూరము నడిపి, తడి ఎక్కడ మొదలైనదో చూడవలెను. చమురు క్రిందికి జారును, గాలికి వెనుకకు పోవును. కావున చుక్క పడినచోటు కాదు, అన్నిటికంటె పైనను ముందరను తడిసిన చోటే అసలు మూలము. తరువాత బ్రీదరు అను చిన్న గాలిరంధ్రమును చూడవలెను. లోపల చమురు వేడెక్కినప్పుడు గాలి వ్యాకోచించును. రంధ్రము మట్టితో పూడియున్నయెడల ఆ ఒత్తిడి క్రొత్త సీలునుండి కూడ చమురును గెంటివేయును. చమురు మట్టము మించి పోసినను ఇదే ఫలితము. డ్రెయిను నట్టు క్రింది వాషరు, మూతల గాస్కెట్లు చూచిన పిమ్మటనే సీలు జోలికి పోవలెను.

సీలు మార్చునప్పుడు షాఫ్టును గోటితో తడిమి చూడుడు. పాత పెదవి ఏండ్ల తరబడి రాసి గాడి పెట్టియుండినచో ఎంత ఖరీదైన సీలు వేసినను నిలువదు. పలుచని ఇనుప తొడుగు వేయుటయో, సీలును కొంచెము జరిపి క్రొత్త చోట పెదవి ఆనునట్లు చేయుటయో అవసరము. పెదవి చమురువైపు తిరిగియుండవలెను. బిగించుటకు ముందు చమురు పూయవలెను. వంకర పోకుండ చుట్టును సమముగా తట్టవలెను. బండిని చదునైన నేలమీద నిలిపి, తయారీదారు చెప్పిన చమురునే మట్టము వరకు పోయవలెను. గంధకపు పాలు ఎక్కువైన డిఫరెన్షియల్ చమురు పాత గేర్‌బాక్సులలోని ఇత్తడి, కంచు రింగులకు చెరుపు చేయవచ్చును. కారుట ఆపుననుచు డబ్బాలలో అమ్ము మందులు రబ్బరును ఉబ్బజేసి కొన్నాళ్లు ఆదుకొనును. గాడిపడిన షాఫ్టును బాగుచేయలేవు.

చుక్కయే కదా అని ఊరకుండరాదు. నిమిషమునకు ఒక్క చుక్క చొప్పున కారినను దినమునకు 1440 చుక్కలు. ఇరువది చుక్కలు ఒక మిల్లీలీటరని లెక్కించినచో దినమునకు 72 మిల్లీలీటర్లు, నెలకు రెండు లీటర్లకు పైమాట. గేర్‌బాక్సు ఎండిన పిమ్మట నూరు రూపాయల సీలుతో పోవలసిన పని వేలకు ఎక్కును. అంతేకాదు, వానపడిన రోడ్డుమీది చమురు వెనుకవచ్చు స్కూటరువానిని జార్చును. నాలాలలో కలిసి సరూర్‌నగర్ చెరువువంటి మన చెరువులకు చేరును. మన బండి కార్చిన దానికి పొరుగువాడు వెల చెల్లించుట న్యాయము కాదు.

అంబాసిడర్ తయారీ 2014 మే 24 న నిలిచిపోయినది. 2017 లో ఆ పేరు సహితము 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థకు అమ్ముడుపోయెను. విడిభాగములను ఇక కర్మాగారము పంపదు; రాణిగంజ్‌లోను, ఎల్.బి.నగర్ దాటిన పిమ్మట వచ్చు ఆటోనగర్‌లోను వెదకి, కొలిచి, సరిపడునది ఎన్నుకొనవలెను. మరియొక ప్రక్క 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము ఏబది ఏండ్లు దాటిన వాహనములకు ప్రత్యేక నిబంధనలు చేసినది. చాసిస్, బాడీ, యింజను మూలరూపముననే యున్నచో 20,000 రూపాయల రుసుముతో పదేండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషను లభించును. నంబరులో వి.ఎ. అను అక్షరములుండును, నిత్యవాడుకకు మాత్రము పనికిరాదు. కావున మూలరూపమును చెడగొట్టని మరమ్మతు చేయువాని అవసరము ఇప్పుడు మునుపటికంటె హెచ్చినది.

ఇచ్చటనే అసలు ప్రమాదము గలదు. సీలు కొలత పెట్టెమీద వ్రాసియుండును. కాని ఏ కారుట రోగము, ఏ కారుట స్వభావము అను వివేకము ఏ పెట్టెమీదను వ్రాసియుండదు. అది ముసలి ఉస్తాదుల వ్రేళ్లలోను, ముక్కులోను ఉన్నది. వారిలో అనేకులు పని మానుకొనిరి. వారి పిల్లలు కంప్యూటరు పరీక్షతో తప్పు చూపు క్రొత్త బండ్లకు అలవాటుపడిరి. మీ ఇంటిలోనో, మీ వీధిలోనో అట్టి పెద్ద ఉన్నయెడల ఒక నోటుపుస్తకము తీసికొని ఆయన ప్రక్కన కూర్చుండుడు. ఏ బండికి ఏ కొలత సీలు, ఏ చమురు, ఏ శబ్దమునకు ఏ కారణము అని అడిగి వ్రాసికొనుడు. నూరేండ్ల చరిత్ర వ్రాయుచున్న మనము వ్రాయబడని ఈ చరిత్రను నేలపాలు కానీయకుందుము గాక.